రెండున్నర తులాల చిలుము

పేపర్లో పడిన వార్త నాలుగే వాక్యాలు. నగరంలోని మ్యూజియంలో పై అంతస్తున కొత్త గది తెరిచారనీ, మధ్యధరా సముద్ర తీరపు ప్రాచీన వస్తువులు, గ్రీసువి, రోమువి, ఆ చుట్టుపక్కలవి, మన జిల్లాలో పలుచోట్ల నుంచి సేకరించినవి అందులో ఉంచారనీ రాశారు. "పలుచోట్ల" అన్న మాటలో చోడవరం ఉందని ఆ వార్త చదివినవాళ్ళలో నాకొక్కదానికే తెలిసి ఉంటుంది. చక్కెర మిల్లు ప్రయోగశాలలో చెరకు రసాన్ని కొలవడం నా ఉద్యోగం. క్రషింగు ముగిసేదాకా సెలవు దొరకలేదు. దొరికాక కూడా మూడు వారాలు వాయిదా వేశాను. ఇంట్లో అడిగితే బడలిక అని చెప్పాను. అది అబద్ధం కాదు. అయితే ఆ బడలిక ఆ సీజనుది కాదు. చివరికి ఒక పొద్దున బస్సెక్కాను. చిన్నప్పటి నోటుపుస్తకం ఒకటి సంచిలో పెట్టుకున్నాను.

ఆ గది చల్లగా ఉంది. గాజు బీరువాలో ఒక మూల గాలిలోని తేమను కొలిచే చిన్న యంత్రం పెట్టారు. అలవాటు కొద్దీ ముందు దాని అంకె చదివాను. తరువాతే పైకి చూశాను. మా చోడవరం బడిలో ఉండిన తొమ్మిది వస్తువులూ ఒకే అరలో ఉన్నాయి. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన మట్టి ప్రమిదలు మూడు. వేలెడంత గాజు అత్తరు సీసా ఒకటి. నల్లని మెరుగు మీద ఎర్రటి గుర్రం కాళ్ళు మాత్రం మిగిలిన కుండపెంకు ఒకటి. కంచు సామాన్లు నాలుగు: చెంబు, గిన్నె, గరిట, ముఖం చూసుకునే అద్దపు బిళ్ళ. పన్నెండేళ్ళ వయసులో ఆఖరిసారి చూశాను వాటిని. అప్పటికీ ఇప్పటికీ వాటి వయసులో పెద్ద తేడా రాలేదు. వచ్చిన తేడా అంతా నాకే వచ్చింది. చెంబు పక్కన నిలబెట్టిన చిన్న అట్టముక్క మీద రెండు వరుసలున్నాయి. "కంచు చెంబు. పిడి అడుగున గడ్డమున్న ముఖం. పూర్వ సంరక్షకుడు తోమించినందున ఉపరితలం నశించింది."

రెండుసార్లు చదివాను. మూడోసారి చదవవలసిన అవసరం లేదు, అయినా చదివాను. పూర్వ సంరక్షకుడు మా నాన్న. ఆ చెంబును ఆయన తోమించలేదు.

నా డైరీలలో ప్రతి సంగతికీ తేదీ ఉంటుంది. వాన పడిన రోజు, చెరకు బళ్ళు నిలిచిపోయిన రోజు, పన్ను పీకించుకున్న రోజు, అన్నీ ఉంటాయి. ఈ సంగతికి కూడా తేదీ ఉంది. ఇక్కడ రాయను. తేదీ వేస్తే ఆ రోజుతో అయిపోయిన సంగతిలా కనిపిస్తుంది.

నాన్న చోడవరంలోని మిషన్ బడిలో డ్రాయింగు మాస్టారు. బడి ఆవరణలోనే మాకు రెండు గదుల ఇల్లిచ్చారు. ఇంటికీ బడికీ మధ్య నుయ్యి, దాని చుట్టూ చప్టా కట్టిన నూతిపళ్ళెం, పక్కన అరటిచెట్లు. బడి చివరి గదిని అందరూ సామాన్ల గది అనేవారు. నేను పుట్టకముందు అక్కడ చదువు చెప్పి వెళ్ళిన ఒక దొరసాని, ఓడ ప్రయాణాలలో రేవు పట్టణాల బజార్లలో కొన్న వస్తువులను పిల్లలకు చూపించడానికి ఆ బడిలో వదిలి వెళ్ళింది. బైబిల్లోని పౌలు ప్రయాణం చేసిన ఊళ్ళలో ఎలాంటి దీపాలు వెలిగేవో, ఎలాంటి చెంబులతో నీళ్ళు ముంచుకునేవారో మా పిల్లలు కళ్ళతో చూడాలని ఆవిడ కోరికట. ఆవిడ వెళ్ళాక ఆ గదికి తాళం పడింది. ఆ తాళంచెవి అడిగి తీసుకున్నవాడు నాన్న. ఎవరూ ఆయనకు ఆ పని చెప్పలేదు.

ఆ గది వాసన ఇప్పటికీ పట్టి చెప్పగలను. కలరా ఉండలు, పాత అట్టలు, నాన్న నల్లసిరా, కిటికీలోంచి వచ్చే బెల్లపు పొయ్యిల పొగ. బడి వదిలాక నాన్న కిటికీ దగ్గర బల్ల మీద ఒక్కొక్క వస్తువునూ పెట్టుకుని, ఉన్నదున్నంత సైజులో బొమ్మ గీసేవారు. నేను పక్కన కూర్చుని దారం చుట్టి చుట్టుకొలత చెప్పేదాన్ని. కంసాలి దగ్గర అడిగి తెచ్చిన చిన్న తక్కెడలో తూచి బరువు చెప్పేదాన్ని. చెంబు నలభై ఒక్క తులాలు. గిన్నె ఇరవై రెండు. నేను తప్పు చెబితే నాన్న కోప్పడేవారు కాదు. "మళ్ళీ తూచమ్మా" అనేవారు. మళ్ళీ తూస్తే మొదటిదే సరైనా మూడోసారి తూయించేవారు. కొలిచిన మాట మీద మనిషి నిలబడగలడనీ, కొలవని మాట మీద నిలబడలేడనీ నాకు ఆ బల్ల దగ్గర ఒంటబట్టింది. తరువాత నా బతుకంతా ఆ పనిలోనే గడిచింది.

ఆ నాలుగు కంచు సామాన్లూ నేలలోంచి తవ్వి తీసినవి కనుక చిలుము పట్టి ఉండేవి. మామూలు చిలుము కాదు. పాచిరంగులో, అక్కడక్కడ నీలంగా, గట్టిగా, పొరలు పొరలుగా. చెంబు పిడి కింద మాత్రం ఆ పొరలో ఒక ముద్ద ఉబ్బుగా ఉండేది. వెలుతురును ఒక పక్క నుంచి పడనిస్తే దానిలో ఒక కన్ను, గడ్డం పాయలు, చప్పిడి ముక్కు కనిపించీ కనిపించకుండా ఉండేవి. నాన్న ఆ ముఖాన్ని పదకొండుసార్లు గీశారు. నాకు ఓపిక ఉండేది కాదు.

"ఆ పచ్చదంతా తీసేస్తే బొమ్మ బాగా కనపడుద్ది కదా నాన్నా" అన్నాను ఒక రోజు.

నాన్న కలం పక్కన పెట్టారు. నగరంలోని ఒక చరిత్ర అధ్యాపకుడికి ఉత్తరం రాసి తెలుసుకున్న సంగతి చెప్పారు. "కనపడదమ్మా, పోద్ది. ఆ మొహం లోపలి కంచులో లేదు. కంచు పైపైన కరిగి ఈ పొరగా మారిపోయింది. గీతలన్నీ ఈ పొరలోనే నిలిచేయి. దీన్ని తీసేవంటే కింద మొహం ఉండదు, ఒట్టి రేకుంటాది. ఇది మకిలి కాదు సుగుణా. ఇదే దాని వయసు. నీళ్ళు కూడా తగలకూడదు."

ఆ మాటలు నా నోటుపుస్తకంలో బరువుల కింద రాసుకున్నాను. అర్థమయ్యే రాసుకున్నాను. కానీ నమ్మలేదు. ముఖం అడుగున దాక్కుని ఉందనే నాకు అనిపించేది.

మామ్మ సంగతి చెప్పాలి ఇప్పుడు. నాన్న తల్లి. ఆవిడకు చదువు రాదు, గట్టిగా పాడటం రాదు, వంట కూడా గొప్పగా రాదు. కానీ చోడవరంలో మా చర్చి సంఘం మొత్తం మీద ఇత్తడి తోమడంలో ఆవిడ తరువాతే ఎవరైనా. పులుసులోంచి పిసికి తీసిన చింతపండు పిప్పిని పారెయ్యనిచ్చేది కాదు. ఒక ఓటి పిడతలో వారమంతా పోగుచేసేది. పెంకు ముక్కను దంచి, పాత పంచె గుడ్డలో జల్లించి, పొడి చేసుకునేది. కొబ్బరి పీచును తన గుప్పిటకు సరిపోయేలా చుట్టుకునేది. సంస్కారపు ఆదివారానికి ముందు రొట్టె పళ్ళెం, ద్రాక్షారసపు గిన్నెలు, చందా పళ్ళేలు, గుడిగంట నాలుకతో సహా మా నూతిపళ్ళెం దగ్గరికి వచ్చేవి. ఆవిడ పీట వేసుకుని, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య బిగించి, ఉప్పు చల్లి, పిప్పి పులిమి, కాసేపు వదిలి, తరువాత పొడితో రుద్దేది. ఆ పుల్లటి తడివాసన మా ఇంట్లో శనివారపు వాసన. పాస్టరుగారు పళ్ళెం పైకెత్తినప్పుడు కిటికీ వెలుగు దాని మీద పడి గోడ మీద కదిలేది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే మామ్మ ఒక్కర్తె ఒక కన్ను తెరిచి ఆ వెలుగును చూసేది. ఆవిడ దృష్టిలో చిలుము అంటే విషం, అంతకన్నా ఎక్కువగా సిగ్గు. చిలుము పట్టిన గిన్నె ఉన్న ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకునేది కాదు.

ఆ ఏడు నగరంలోని మ్యూజియం నుంచి ఒక అధికారి వస్తున్నారని కబురొచ్చింది. నాన్న మూడేళ్ళుగా రాసిన ఉత్తరాలకు జవాబు అది. వస్తువులు పదిలంగా ఉన్నాయని ఆయనకు తోస్తే, సామాన్ల గదిని చిన్న మ్యూజియంగా గుర్తిస్తారు. సంరక్షకుడిగా నాన్న పేరు రాస్తారు. పదిలంగా లేవనుకుంటే అన్నీ పట్టుకుపోతారు. నాన్న గదికి తనే సున్నం వేశారు. మాడుగుల వెళ్ళేవాళ్ళ చేత అధికారి కోసం హల్వా తెప్పించారు. ముందురోజు పొద్దున బీరువాకు పగిలిన అద్దాలు మార్చాలని అనకాపల్లి బయల్దేరుతూ గది తాళం నా చేతికిచ్చారు.

"పొడిగుడ్డతో దుమ్ము దులుపు, అంతే. కంచువాటి జోలికి పోకు."

అమ్మ వడ్డాదిలో టీచరు; పొద్దున బస్సుకి వెళ్ళి సాయంత్రం బస్సుకి వచ్చేది. మా బడికి ఆ రోజు సెలవు; ఇంట్లో మామ్మ, నేను.

దుమ్ము దులపడానికి కంచు సామాన్లను కిటికీ గూట్లో పెట్టాను. బీరువాలోనే ఉంచి దులపవచ్చు. కిటికీ గూట్లో పెడితే నూతి దగ్గరున్న మామ్మకి కనపడతాయని నాకు తెలుసునా అన్న ప్రశ్నను చాలా ఏళ్ళుగా వేసుకుంటున్నాను. తెలుసు.

"ఏటే గుంటా అది? సెంబేనా?"

"సెంబే మామ్మా."

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి కిటికీ చువ్వల్లోంచి చూసింది. "ఓరి నాయినో! ఇంత సిలుమేటే? ఇది గరిటి కాదూ? దీంతోటే కూరొడ్డించుకునీవోరేటి ఆ దేశపోళ్ళు?"

"రెండువేల ఏళ్ళయిపోయింది మామ్మా."

"రెండువేల ఏళ్ళూ ఒక్కర్తీ తోమలేదన్నమాట. బాగుంది సంసారం!"

నవ్వొచ్చింది నాకు. ఆవిడ నవ్వలేదు. "మీ నాన్న రేపు దీన్నే సూపిస్తాడేటి ఆ ఆఫీసరికి?"

"ఔను. ముట్టుకోవద్దన్నారు."

"ఆడికేటి తెల్సు, బొమ్మలేసుకోడం తప్ప. రేపొద్దున ఆయనొచ్చి, ఈలింట్లో ఆడదన్నది లేదేటి, సిలుము సామాన్లు ముందరెట్టేరు అంటే నా మొకం ఎక్కడెట్టుకోను? సెంబు ఇలాగ అందియ్యి."

"నాన్న తిడతారు."

"తిడితే నన్ను తిడతాడు. నాను కన్నోణ్ణి నాను పడతాన్లే. అయితే పిప్పి సరిపోదే. మొన్ననే సంగపోళ్ళ పళ్ళేలకి అయిపోనాది."

ఇక్కడితో ఆగిపోయేదే ఆ సంగతి. పిప్పి లేదు, మామ్మ మరో నిమిషం గొణుక్కుని వెళ్ళిపోయేది. నేను ఇంట్లోకి వెళ్ళి, అటక మీది జాడీ దించి, పిప్పి కాదు, కొత్త చింతపండు, గుప్పెడు తెచ్చాను. ఎవరూ తెమ్మనలేదు. మామ్మ చూసి, "ఓసి నీ దుంపతెగ, మంచి సింతపండు తెచ్చేసేవేటే, మీ యమ్మ సూస్తే సంపేస్తాది" అంది, తీసుకుంది.

మొదట గరిట, తరువాత గిన్నె, అద్దపు బిళ్ళ. చెంబు ఆఖరున. ఉప్పు, చింతపండు పులిమి అరటిచెట్టు నీడలో పెట్టాం. కాసేపటికి పాచిరంగు నురగ పొంగింది. మామ్మ చెయ్యి పెట్టి రాసేసరికి నీళ్ళు నెమలికంఠం రంగులో కాలవలోకి, అక్కణ్ణుంచి అరటి పాదులోకి పోయాయి. "ముందర బొమ్మ దగ్గర తియ్యి మామ్మా" అన్నాను. ఆవిడ బొటనవేలితో పిడి కింద నెమ్మదిగా రుద్దింది. పై పొర ఊడిన ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ముఖం పూర్తిగా కనిపించింది. నవ్వుతున్న ముసలివాడు. గడ్డం పాయలు ఏడు. చెవుల దగ్గర ద్రాక్షాకులు. నాన్న పదకొండు బొమ్మల్లోనూ లేని నవ్వు. "సూసేవా, సుబ్బరంగా ఉన్నాడు" అంటూ మామ్మ పెంకు పొడి అద్ది పీచుతో రెండు రుద్దులు రుద్దింది. ముక్కు పోయింది. ఇంకో రుద్దుకి నవ్వు పోయింది. "ఆపు మామ్మా" అని నేను అనలేదు. ఆవిడ అలా ఆనందంగా తోముతూ ఉంటే, తెచ్చిన చింతపండు నాదై ఉంటే, ఎలా అనడం?

మధ్యాహ్నానికి నాలుగు సామాన్లూ కొత్త పెళ్ళివారి సామాన్లలా తళతళలాడుతున్నాయి. చెంబు పిడి కింద చింతగింజంత నునుపైన బొడిపె మిగిలింది. తక్కెడ తీసి తూచాను. ముప్పై ఎనిమిదిన్నర. మళ్ళీ తూచాను. ముప్పై ఎనిమిదిన్నర.

నాన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వచ్చారు. బస్సులో అద్దాలు పగలకుండా మోకాళ్ళ మధ్య పట్టుకుని నిలబడే వచ్చారట. కాగితాలు చుట్టిన ఆ అద్దాలు చేతుల్లో ఉండగానే గది గుమ్మంలోంచి చూశారు. దించడం మరిచిపోయి చాలాసేపు అలాగే నిలబడ్డారు. అరుస్తారని ఎదురుచూశాను. అరిస్తే బాగుండేది.

"తూచేవా?" అన్నారు.

"తూచేను. రెండున్నర తులాలు తగ్గింది, చెంబు."

"మిగతావి?"

చెప్పాను. ఆయన అద్దాలు గోడకు ఆనించి, పుస్తకం తీసి, నేను చెప్పిన అంకెలు పాత అంకెల పక్కనే రాశారు. ఇంతలో మామ్మ వచ్చి గుమ్మం బయట నిలబడి, "ఎలగున్నాయిరా బాబూ?" అని అడిగింది. వేళ్ళ చివళ్ళు చింతపండుకి తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

నాన్న ఆ చేతుల వంక చూశారు. "బాగున్నాయమ్మా. మెరుస్తన్నాయి" అన్నారు.

ఆవిడ వెళ్ళాక నాతో మెల్లగా అన్నారు. "మామ్మతో ఏటీ అనకు. ఎప్పుడూ అనకు." చింతపండు ఎవరు తెచ్చారని అడుగుతారని చూశాను. అడగలేదు. అడిగితే చెప్పాలని నోటిలో తయారుగా ఉంచుకున్నాను. ఆ రోజు, ఆ వారం, తరువాత చాలాకాలం. అడగలేదు.

మర్నాడు అధికారి వచ్చారు. ప్రమిదలు చూసి సంతోషించారు. కుండపెంకు చూసి ఇంకా సంతోషించారు. కంచు సామాన్ల దగ్గర మాత్రం కళ్ళజోడు తీసేశారు.

"ఎవరు చేసేరిది?"

"నేనే తోమించేనండి" అన్నారు నాన్న.

"మీరా? మూడేళ్ళుగా ఉత్తరాలు రాసింది మీరేనా?"

"నేనేనండి."

నేను నాన్న పక్కనే ఉన్నాను. ఆ గదిలో అప్పుడు ముగ్గురమే. అధికారి ఏదో రాసుకున్నారు. తొమ్మిది వస్తువులనూ ఊకలో సర్ది, రెండు పెట్టెల్లో బిగించి, అదే రోజు జీపులో తీసుకుపోయారు. హల్వా పొట్లం బల్ల మీదే మిగిలింది. మామ్మ నూతి దగ్గర నుంచి పిలిచి, "ఆఫీసరేటన్నాడే?" అని అడిగింది. "సాలా బాగున్నాయన్నారు మామ్మా. అందికే పట్టుకెళ్ళిపోనారు" అన్నాను. ఆవిడ బతికినన్నాళ్ళూ ఆ మాట చెప్పుకుంది. మ్యూజియంలో తను తోమిన చెంబు ఉందని, ఊరి పెళ్ళిళ్ళలో, సంఘపు కూడికలలో, ఆఖరికి ఆసుపత్రి మంచం మీద నర్సుకు కూడా.

సామాన్ల గదిలో తరువాత పాత జవాబు పత్రాల కట్టలు పడేశారు. నాన్న పిల్లలకు మామిడికాయ, కూజా, గొడుగు గీయడం నేర్పిస్తూ ఉద్యోగం ముగించారు. నేను చూడగా తన కోసం మళ్ళీ కలం పట్టలేదు. తక్కెడ కంసాలికి తిరిగి ఇచ్చేశారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు కనుక నేను ఒక్క మాటకు జవాబు చెప్పలేదు. మా మధ్య ఆ సంగతికి అలా తాళం పడిపోయింది. ఆయన అబద్ధం ఆడింది మామ్మ కోసమేనని నేను నమ్మాను. తల్లి చేతులు చూశారు, తల్లిని కాపాడారు, అందులో నాకు పని లేదు. ఆ నమ్మకం మీద నా బతుకు సుఖంగానే సాగింది. ఇప్పుడు మా ఇంట్లో అన్నీ స్టీలు గిన్నెలు. చిలుము పట్టవు, తోమినా మెరవవు, తోమకపోయినా ఎవరూ అడగరు. మామ్మ తోముడుకు ఇప్పుడు ఊళ్ళో పని లేదు. నాన్న చూపుకు అప్పుడు కూడా ఊళ్ళో పని లేదు. ఇద్దరూ వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళ మీద తప్పు మిగిలి ఉండకూడదనే నేను నోటుపుస్తకం పట్టుకుని నగరానికి వెళ్ళాను.

గదిలో కుర్చీ మీద కూర్చున్న క్యూరేటరు ముప్పై ఏళ్ళ అమ్మాయి. అట్టముక్క ముందు అంతసేపు నిలబడినందుకు కాబోలు, తనే దగ్గరికి వచ్చింది. "కూర్చోండి మేడం, అలిసిపోయేరు. ఎక్కణ్ణుంచి వస్తన్నారండి?"

"చోడవరం."

"అవునా! మాది రోలుగుంటండి." ఆ అమ్మాయి ముఖం విప్పారింది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది. సంగతి చెప్పాను, నాన్న తోమించలేదనీ, మామ్మా నేనూ తోమామనీ, లేబులు మార్చాలనీ. రుజువుగా నా నోటుపుస్తకం ఉందన్నాను, ఇంకా సంచిలోంచి తీయలేదు. ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు. "ఆ సంగతి ఫైల్లో ఉందండి. మీ నాన్నగారే రాసేరు. మీకు తెలీదా?" అని, లోపలికి వెళ్ళి పాత ఫైలు తెచ్చింది.

నాన్న దస్తూరీ. వస్తువులు తీసుకుపోయిన నెల తరువాత, నేను బడికి పోయిన వేళ ఎప్పుడో రాసి ఉంటారు. పై సగంలో ఆ ముఖపు బొమ్మ, పన్నెండోది. కింద ఇలా ఉంది.

"ఆ పాత్రలను శుభ్రము చేసినది మా తల్లిగారు. ఆమె చదువుకొనినది కాదు. తాళము నా కుమార్తె వద్ద నుండెను. తాకవద్దని మాత్రమే ఆ పిల్లకు చెప్పితిని. ఎందుకు తాకరాదో ఎన్నడును చెప్పియుండలేదు. కారణము తెలియని పసిపిల్లకు దోషము లేదు. నేను చెప్పవలసినది చెప్పలేదు గనుక తోమించినవాడను నేనే. పుస్తకములో నా పేరే వ్రాయవలెనని మనవి. ఎప్పుడైనను నా కుమార్తె పెద్దదై అచటికి వచ్చి అడిగినచో, ఈ ఉత్తరము చూపగలరు."

"ఎంత నిజాయితీగా రాసేరో సూడండి" అంది ఆ అమ్మాయి. "ఇలాగ తప్పు ఒప్పుకునీవోళ్ళు ఇప్పుడెవరున్నారండి? నాకు ఈ ఉత్తరం సదివినప్పుడల్లా ఏదోలా ఉంటాది."

ఎందుకు తాకకూడదో నాకు తెలుసు. ఆయన చెప్పారు. కిటికీ దగ్గర, కలం పక్కన పెట్టి, నా వంక తిరిగి, ఒక్కొక్క మాటా చెప్పారు. ముఖం ఆ పొరలోనే ఉందని చెప్పారు. అంటే ఆయన అబద్ధం మామ్మ కోసం కాదు. మామ్మ సంగతి ఉన్నదున్నట్టు రాసేశారు. కొలవని మాట పలకని మనిషి, ఒకే ఒక్క తప్పుడు వాక్యం రాసి, దాన్ని నేను ఎప్పుడో ఒకనాడు వచ్చి చదువుకుంటానని ఫైల్లో పదిలపరిచి వెళ్ళిపోయారు. చింతపండు ఎవరు తెచ్చారని ఎందుకు అడగలేదో అప్పుడు తెలిసింది. అడగవలసిన అవసరం ఆయనకు లేదు.

సంచి ఒళ్ళో ఉంది. నోటుపుస్తకం బయటికి తీయకుండా లేచి వచ్చేయవచ్చు. ఆ కాగితం నన్ను నిర్దోషినని చెబుతోంది, చూసినవాళ్ళు లేరు, తెలిసినవాళ్ళు లేరు. నాన్న ఇచ్చినదాన్ని తీసుకుని ఇంటికి పోవడం కూడా ఒక మర్యాదేనేమో అని కాసేపు ఆలోచించాను. ఎంతసేపో తెలియదు. గడియారం చూడలేదు, అది నా జీవితంలో అరుదు. ఆ తరువాత పుస్తకం తీసి, బరువుల కింద పిల్ల దస్తూరీలో నాన్న మాటలున్న పుట తెరిచి ఆ అమ్మాయి చేతికిచ్చాను.

చదివింది. ఉత్తరం చూసింది. మళ్ళీ పుస్తకం చూసింది. "అయితే... మీకు సెప్పేరన్నమాట."

"చెప్పారు."

"ఇది ఫైల్లో పెడితే మీ నాన్నగారు రాసింది తప్పవుద్ది కదండీ."

"తప్పే. పెట్టండి."

ఆ అమ్మాయి నోటుపుస్తకాన్ని ఫైల్లో పెట్టింది. తరువాత ఒక తెల్ల అట్టముక్క తీసుకుని, "రెండు వరసలకి మించి సోటుండదండి. ఏటి రాయమంటారు?" అని అడిగింది. చెప్పాను. గుండ్రటి అక్షరాలతో రాసి, నాకు వినిపించింది. "కంచు చెంబు. పిడి అడుగున గడ్డమున్న ముఖం. సంరక్షకుని కుమార్తె పాడవుతుందని తెలిసీ తోమించినందున ఉపరితలం నశించింది."

"మేడం, ఆ 'తెలిసీ' అన్నది తీసెయ్యనా? అంత అవసరం లేదేమోనండి."

"మిగతాది ఏది తీసేసినా పరవాలేదు. ఆ మాట ఉంచండి" అన్నాను.